సముద్రాంతరగతుల వంశశోధనము – ప్రాచ్యకళాశాలల కర్తవ్యము

వైదికకర్మ ఏదైనను సంకల్పముతో ఆరంభమగును. దేశమును, కాలమును చెప్పిన పిమ్మట కర్త తన గోత్రనామములను చెప్పుకొనును. పితృకర్మయందు తండ్రి, తాత, ముత్తాత అను మూడు తరములవారి పేర్లు ఉచ్చరింపవలెను. ఆ పేర్లు చిన్ననాడే కంఠస్థమైన వానికి ఇందులో కష్టమేమియు కనబడదు. మూడవ పేరు దగ్గర నోరాడక నిలిచిపోయిన మనిషి ముఖమును నేను మదనపల్లెలో చూచినాను. ఆనాటినుండి ఈ విషయము నన్ను విడిచిపెట్టలేదు. మన కళాశాలల అధ్యాపకులు, పరిశోధకులు దీనిని విచారింపవలెనను ఉద్దేశముతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమునుండి ఒక కుటుంబము మదనపల్లెకు వచ్చినది. వారు తెలుగువారే, కాని తెలుగు రాదు. ఇంటిపెద్ద చేతిలో ఒక కాగితపు నకలు ఉన్నది. అది వారి పూర్వుడొకడు 1890వ దశకములో చెన్నపట్టణమున ఓడనెక్కినప్పుడు వ్రాసిన పట్టికలోని ఒక్క పంక్తి. పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము అందులో ఉన్నవి. ఇంటిపేరు లేదు, గోత్రము లేదు. ఆ గ్రామమున నిలిచి పూర్వునకు తర్పణము విడువవలెనని వారి కోరిక. సంస్కృతము చదివినవాడని ఎవరో నా పేరు చెప్పినారు.

తాలూకా గడిలో పుంగనూరు అని ఉన్నది. గ్రామము గడిలోని అక్షరములను కొత్తపల్లె అని చదువవచ్చును. కొత్తపల్లెలు ఆ ప్రాంతమున ఒకటి కాదు. ఆనాడు ఎండ తీవ్రముగా ఉన్నది, వచ్చినవారిలో వృద్ధురాలొకరు ఉన్నారు. రహదారికి దగ్గరగా ఉన్న కొత్తపల్లెకే పోయినాము. గోత్రము తెలియనివారు కాశ్యపగోత్రము చెప్పుకొనవలెనను శిష్టాచారమును అనుసరించి కాశ్యపగోత్రముతోనే కర్మ జరిపించినాను. వారు కన్నీరు పెట్టుకొన్నారు. నాకును మంచిపని చేసితినను తృప్తి కలిగినది.

రెండు సంవత్సరముల తరువాత వారు ఒక ఛాయాచిత్రము పంపినారు. తమ ఇంటి ఆవరణలో నిలిపిన శిలాఫలకమది. పూర్వుని పేరు, నేను చూపిన గ్రామము పేరు, కాశ్యపగోత్రోద్భవుడను విశేషణము అందులో చెక్కబడి ఉన్నవి. గోత్రము తెలియదని చెప్పుటకు శాస్త్రము కల్పించిన మర్యాద అక్కడ తెలిసిన గోత్రమైనది. ఎండకు వెరచి ఎంచుకొన్న పల్లె అక్కడ జన్మభూమి అయినది. రేపు వారి మనుమలు ఆ రాతినే ప్రమాణముగా చూపుదురు. శాసనపరిష్కర్తలమని చెప్పుకొను మనము ఒక కూటశాసనమును పుట్టించుట ఎంత సులభమో నాకు అప్పుడు తెలిసినది.

నా పొరపాటు ఒక్క ఇంటికి సంబంధించినది. కాని ఇట్టి అన్వేషకులు కొద్దిమంది కారు. 1860 అక్టోబరులో చెన్నపట్టణమునుండి బయలుదేరిన 'ట్రురో' అను ఓడ నవంబరు 16వ తేదీన డర్బను చేరినది. నాటినుండి 1911 వరకు నేటాలుకు పోయిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండువంతులు చెన్నపట్టణపు రేవునుండి పోయినవారే. వారిని ఎక్కువగా పంపిన జిల్లాలలో ఉత్తర ఆర్కాటు ముఖ్యమైనది. మారిషసుకు 1834నుండియే కూలీలు పోయినారు. ఫిజీకి 1879–1916 నడుమ పోయిన సుమారు 61 వేలమందిలో దక్షిణాదివారు 1903 మొదలుకొని చేరినారు. ధాత సంవత్సరపు కరువు, అనగా 1876–78 నాటి మహాక్షామము, రాయలసీమను, ఆర్కాటు ప్రాంతమును ఎంత నొప్పించినదో మన పెద్దల నోట విన్నదే. ఆకలి ఊరు కదిలించినది, రేవు మనిషిని మింగినది.

ఈ ఓడ పట్టికలు నశింపలేదు. నేటాలు పట్టికలు డర్బనులో, మారిషసు దస్త్రములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో, ఫిజీవి సువాలోని జాతీయ భాండాగారములో ఉన్నవి. నేటాలులో దిగిన ప్రతి మనిషికి ఒక వరుస సంఖ్య ఇచ్చినారు. పేరు మారినను ఆ సంఖ్య మారదు. కావున ఆ ఒడ్డున త్రోవ చాలవరకు స్పష్టముగనే ఉన్నది. చీకటి ఉన్నది ఈ ఒడ్డున, మన వద్ద. అన్వేషకుడు ఆ పంక్తిని పట్టుకొని మదనపల్లెకో, పుంగనూరుకో, కుప్పమునకో వచ్చినప్పుడు దానిని చదివి చెప్పువారు లేరు. లేనిచోట కల్పించి చెప్పువారు బయలుదేరుచున్నారు. ఒకరికి సొమ్ము తీసికొని ఏడు తరముల వంశవృక్షము వ్రాసియిచ్చిన సంగతి నేనెరుగుదును. ఆ వృక్షమునకు వేరు లేదు.

ఇది చరిత్రశాఖవారి పని, మనకేల అని కొందరు మిత్రులు అడిగినారు. చరిత్రకారుల సహాయము లేక ఇది సాగదనుట నిజమే. కాని ఈ శోధనలోని చిక్కులు ఒక్కొక్కటే విప్పి చూచినచో అవి మనము నిత్యము పాఠము చెప్పు విషయములే అని తోచును.

మొదటిది దేశనిర్ణయము. నేడు చిత్తూరు జిల్లా అనగానే మనకు తోచు సరిహద్దులు 1911కు పూర్వము లేవు. ఆ సంవత్సరమున చిత్తూరు జిల్లా ఏర్పడు వరకు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోనివి. పుంగనూరు జమీందారీ, కుప్పము ప్రాంతపు కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. ఉత్తర ఆర్కాటునకు ముఖ్యపట్టణము నాడు చిత్తూరే. కావున ఒక రోజు నడకదూరములో ఉన్న రెండు ఊళ్లవారు పట్టికలో రెండు జిల్లాలవారుగా కనబడుదురు. ఇది తెలియని అన్వేషకుడు ఉత్తర ఆర్కాటు అను మాట చూచి నేటి తమిళనాడులో వెదకుచుండును. వాయల్పాడు నేడు వాల్మీకిపురమైనది, ఆ పాతపేరు తెలియనివానికి పట్టిక మూగది. మరొక మెలిక కలదు. 1883 నాటి వలస చట్టము ప్రకారము కూలీని జిల్లాలోని అధికారి ఎదుట నమోదు చేసెడివారు. నమోదైన చోటు పుట్టినచోటు కానక్కరలేదు. పని వెదకికొనుచు వేలూరుకో, కోలారు బంగారు గనులకో పోయి అక్కడ కూలీల దళారికి చిక్కినవారును ఉందురు.

రెండవది పాఠనిర్ణయము. చెన్నపట్టణపు గుమాస్తా చెవికి వినబడిన తెలుగు పేరును ఇంగ్లీషు లిపిలో వ్రాసినాడు. ఆ లిపిలో త-టలకు, ద-డలకు, న-ణలకు, ల-ళలకు భేదము లేదు, హ్రస్వదీర్ఘములకు నియమము లేదు. డర్బనులోని మరొక గుమాస్తా దానిని చూచి మరొక విధముగా ఎత్తి వ్రాసినాడు. ఇది తాళపత్రప్రతులలో మనకు నిత్యపరిచితమైన లేఖకదోషమే. ఒక మాతృకనుండి రెండు ప్రతులు, వానినుండి నాలుగు పాఠాంతరములు పుట్టినప్పుడు మనమేమి చేయుదుము? తోచిన పాఠమును మూలమున పెట్టి తక్కినవానిని చెరిపివేయుదుమా? అన్ని పాఠములను చూపి, లిపిని, అర్థమును, సందర్భమును విచారించి, ఏది యుక్తమో సహేతుకముగా చెప్పుదుము. కుప్పమువంటి త్రిభాషాసంగమమున ఈ నేర్పు మరింత అవసరము. అక్కడి పేరు తెలుగో, తమిళమో, కన్నడమో ఒక్క అక్షరమునుబట్టి మారును. చెన్నపట్టణమునుండి వచ్చినవారిని అందరిని మదరాసీలని ఒక్క రాశిగా పోసినందున నేటాలులో ఎన్నో తెలుగు కుటుంబములు తమిళులలో కలిసిపోయినవి. 1931లో అక్కడివారు ఆంధ్రమహాసభను స్థాపించుకొనుటకు ఈ భయమే ప్రేరణమని తలచుట తప్పు కాదు.

మూడవది హేతుపరీక్ష. మన ప్రాంతమున ముని శబ్దముతో ఆరంభమగు పేర్లు విస్తారము. మునిసామి, మునిరత్నము, మునెమ్మ అను పేర్లు వినగానే చిత్తూరు వైపువారని అనుకొందుము. మారిషసు తెలుగువారిలో సింహాద్రి అప్పన్న సేవ కనబడినచో వారి మూలము ఉత్తరాంధ్రమని అనుకొందుము. ఇవి మంచి సూచనలే, నిర్ణయములు మాత్రము కావు. ఇరువురికి ఒకే పేరు, తండ్రులకును ఒకే పేరు, ఊరును ఒకటే అయినంతమాత్రమున వారిరువురు ఒక్కరే అనుట సవ్యభిచార హేతువు. తాతపేరు మనుమనికి పెట్టు మన ఆచారమునందు ఒకే ఊరిలో ఒకే కాలమున అట్టివారు నలుగురుండవచ్చును. ఊరి పేరే సందిగ్ధమైనప్పుడు హేతువు అసిద్ధమగును. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమును బాలురకు వల్లె వేయించు మనము ఈ హేత్వాభాసములను పర్వతముమీది పొగకు మాత్రమే పరిమితము చేయుట న్యాయమా?

నాలుగవది అనుపలబ్ధివిచారము. ఇదియే నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యము. అన్వేషకుడు ఊరికి వచ్చి అడుగును. ఊరివారు తమ పెద్దలలో అట్టివాడు లేడందురు. దస్త్రములలో వెదకినను కనబడడు. అంతట ఈ ఊరు కాదని నిర్ణయింతురు. భాట్టమీమాంసకులు అనుపలబ్ధిని ప్రమాణముగా అంగీకరించినారు, వేదాంతులును అంగీకరించినారు. కాని వారు యోగ్యానుపలబ్ధి అన్నారు. వస్తువు ఉండినచో తప్పక కనబడదగిన చోట కనబడకపోవుటయే దాని అభావమునకు ప్రమాణము. వెలుగుగల గదిలో కుండ కనబడనిచో కుండ లేదు. చీకటి గదిలో కనబడనిచో ఏమియు తేలదు.

మన గ్రామముల దస్త్రములు ఎట్టి గదులు? కరణము లెక్కలలో భూమి కలవాని పేరు ఉండును. ఓడనెక్కినవారిలో పెక్కుమందికి భూమి లేదు. మదరాసు రాజధానిలో జననమరణముల నమోదు చట్టము 1899లో వచ్చినది, అంతకుముందే పోయినవారు అందులో ఎట్లు దొరకుదురు? 1984లో కరణముల వ్యవస్థ రద్దయిన పిమ్మట నేనెరిగిన కొన్ని ఊళ్లలో పాతలెక్కలు అటకలమీద చెదలుపట్టిపోయినవి. అన్నిటిని మించి, మనవారి మౌనము కలదు. సముద్రయానమును పతనహేతువులలో బౌధాయనుడు గణించినాడు, తరువాతి నిబంధనకారులు కలివర్జ్యములలో చేర్చినారు. ఓడనెక్కినవాడు చచ్చినవానితో సమానము. ఇంటివారు ఆ పేరు ఎత్తలేదు, మరుతరమునకు చెప్పలేదు. మనమే దీపమార్పి, కనబడలేదు గనుక లేడనుట ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు.

ఐదవది ఆప్తవాక్యవిచారము. పట్టికలోని మాట శబ్దప్రమాణము. వక్త ఆప్తుడైనప్పుడే శబ్దము ప్రమాణము. అప్పులవానికి, ఇంటినుండి పారిపోయినవానికి, కులము దాచుకొనవలసినవానికి నిజము చెప్పకుండుటకు కారణములున్నవి. అట్లని పట్టికను త్రోసివేయుటయు తగదు. ఇక్కడ ఒక కఠినసత్యము చెప్పవలసియున్నది. పట్టికలో ఒక కులము, కుటుంబకథలో మరొక కులము కనబడినప్పుడు మన ఊళ్లలోని మధ్యవర్తులు సాధారణముగా పట్టికను కప్పిపెట్టి, కథకు అనుకూలముగా గోత్రప్రవరలను కల్పించి ఇచ్చుచున్నారు. ఇది దయ కాదు. ఆకలిచేత సముద్రము దాటి, పరభూమిలో చెరకు నరికి పిల్లలను పెంచిన మనిషికి మరొక కులపు గౌరవమును అరువిచ్చి నిలబెట్టవలసిన పనిలేదు. అతడు ఎవడో ఆ పేరుతోనే గౌరవార్హుడు. పట్టికలో ఉన్నదానిని ఉన్నట్లు ఆ వంశీయునకు చెప్పవలెను, సభలలో చాటకూడదు.

స్త్రీల విషయము మరింత చిక్కైనది. ఫిజీకి పోవు ఓడలలో ప్రతి నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలుండవలెనని నియమము. వారిలో ఒంటరిగా పోయినవారు ఎందరో. మన వంశావళులు తండ్రినుండి కొడుకునకు దిగునవి. కూతురు పెండ్లితో ఆ పుటనుండి తొలగిపోవును. విధవయో, పరిత్యక్తయో అయి ఓడనెక్కిన ఆడుబిడ్డకు పుట్టినింటి పుటలోను, మెట్టినింటి పుటలోను చోటు లేదు. అట్టి తల్లి సంతతివారు వచ్చినప్పుడు వంశవృక్షము లేదని పంపివేయక, ఆమె పేరుతోనే క్రొత్తపుట ఆరంభింపవలెను.

కాలగణనలోను మన పంచాంగజ్ఞానము ఉపకరించును. ఊరి వృద్ధులు సంవత్సరసంఖ్యలు చెప్పరు, ధాతలోనో, నందనలోనో పోయినాడందురు. ధాత 1876–77లోను వచ్చినది, 1936–37లోను వచ్చినది. అరువదేండ్ల ఆవృత్తిని గుర్తింపనివాడు తాతను మనుమనిగా లెక్కించును. బర్మాకు, మలయాకు పోయినవారికి ఓడ పట్టికలంతటి ఆధారములు దొరకవు. మేస్త్రీల వెంట, కంగాణీల వెంట గుంపుగా పోయినవారు వారు. అక్కడ ఇట్టి మౌఖికస్మృతియే శరణ్యము. ఆ స్మృతి గలవారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

ఇప్పుడు ఇంత తొందరయేల అనువారికి ఒక మాట. 2024 మార్చిలో మారిషసు పర్యటనలో భారతరాష్ట్రపతి అక్కడి భారతసంతతివారికి ఏడవ తరము వరకు ప్రవాస భారతీయ పౌరసత్వపు గుర్తింపునకు అర్హత కల్పించు ప్రత్యేకనియమమును ప్రకటించినారు. అనగా వంశనిరూపణము ఇప్పుడు తర్పణమునకు మాత్రమే సంబంధించినది కాదు, ప్రభుత్వము ఎదుట చూపవలసిన ఆధారమును అయినది. ఇట్టి సమయమున ఆధారము లేని వంశవృక్షము వ్రాసియిచ్చుట ఆ కుటుంబమునకు ఉపకారము కాదు, అపాయము. వానిని నమ్మి వచ్చినవారు ఒకనాడు అసత్యవాదులుగా నిలబడవలసి వచ్చును.

కావున నా సూచనలు ఇవి. ప్రతి ప్రాచ్యకళాశాల తన చుట్టుపట్ల నాలుగైదు పాత తాలూకాలకు ఒక గ్రామనామకోశమును సిద్ధము చేయవలెను. అందులో ప్రతి ఊరికి పాతపేరు, పాతజిల్లా, పాతజమీందారీ, ఇంగ్లీషులో నాడు వ్రాసిన రూపములు, శివారుపల్లెలు, బేచిరాకు గ్రామములు చేర్చవలెను. కడప కైఫీయత్తులు, 1875 నాటి గ్రిబిల్ కడప మాన్యువలు, 1881 నాటి కాక్స్ ఉత్తర ఆర్కాటు మాన్యువలు, ఇనాము రిజిష్టర్లు ఇందులకు మొదటి ఆకరములు. విద్యార్థులు సెలవులలో తమ ఊళ్లకు పోయినప్పుడు వృద్ధులను కలిసి, ఊరు విడిచి తిరిగిరానివారి కథలను, ఇంటిపేర్లతో, ఇలవేల్పులతో వ్రాసికొని రావలెను. ఇట్లు చేరిన సామగ్రిని ఒకచోట భద్రపరుప వలెను. 1997లో కుప్పమున స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయము తెలుగు, తమిళ, కన్నడములు కలియు ఆ భూమిపైననే ఉన్నది గనుక ఇందులకు తగినచోటు.

వీనికంటె ముఖ్యమైనది ఒక నియమము. అన్వేషకునకు మనము వ్రాసియిచ్చు ప్రతి పత్రమునందును నిర్ణీతము, సంభావితము, అజ్ఞాతము అని మూడు భాగములుండవలెను. పట్టికలోనో, దస్త్రములోనో ప్రత్యక్షముగా ఉన్నది నిర్ణీతము. హేతువులతో ఊహించినది సంభావితము, ఆ హేతువులను కూడ వ్రాయవలెను. తక్కినది అజ్ఞాతము. అజ్ఞాతభాగము పెద్దదైనంతమాత్రమున మన పాండిత్యమునకు కొరత లేదు. శ్లోకము శిథిలమైనచోట చుక్కలు పెట్టుటకు సిగ్గుపడని మనము వంశము శిథిలమైనచోట చుక్కలు పెట్టుటకు ఏల జంకవలెను?

అట్లయినచో వచ్చినవారికి మిగులునదేమి అని అడుగవచ్చును. పేరు తెలియని పితరులకు, నీరు విడుచు దిక్కులేనివారికి కూడ తర్పణవిధిలో మన ఋషులు చోటు ఉంచినారు. తెలియదని ఒప్పుకొనినంతమాత్రమున ఆ నీరు వారికి చేరదని ఏ శాస్త్రమును చెప్పలేదు. పుంగనూరు సీమలోని ఏ చెరువుగట్టున నిలిచి విడిచినను చాలును. ఈ సంగతి ఆనాడే చెప్పియుండినచో వారికి రాతిమీద అసత్యము చెక్కించుకొను అవసరము కలిగెడిది కాదు.

గత సంవత్సరము నేను ఆ డర్బను కుటుంబమునకు లేఖ వ్రాసినాను. కాశ్యపగోత్రము ఆచారమునుబట్టి చెప్పినదేకాని వారి పూర్వునిదని ఎరిగి చెప్పినది కాదనియు, ఆ గ్రామము అనేక కొత్తపల్లెలలో ఒకటి మాత్రమే అనియు, ఎంపికలోని తొందరపాటు నాదే అనియు తెలియజేసినాను. శిల మార్చనక్కరలేదు, దాని క్రింద మరొక పంక్తి చేర్చిన చాలునని కోరినాను. వారు కోపగింతురని భయపడితిని. పెద్దావిడ పక్షమున వచ్చిన ప్రత్యుత్తరములో ఒక్క ప్రశ్న మాత్రమే ఉన్నది: తక్కిన కొత్తపల్లెలు ఎన్ని, అవి ఎక్కడెక్కడ ఉన్నవి?

ఆ పట్టిక ఇంకను నా బల్లమీద అసంపూర్ణముగనే ఉన్నది. దానిని పూర్తిచేయుటకు నా వయస్సు చాలదు. యువకులైన అధ్యాపకులు, పరిశోధకులు ఈ విషయమును విచారింతురుగాక.